తప్పు గొంతుదా, పెట్టెదా?

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు పెద్దలు. ఆ తల్లి దగ్గరే మా వెలిగండ్ల భజనలో తగవు వచ్చింది. "నీ గొంతు జారుతోంది మామా" అన్నాడు హార్మణీ వాయించే మా మామ. "జారింది నా గొంతు కాదబ్బాయ్, నీ పెట్టె" అన్నాడు తాత. ఆ శనివారం నుంచి తాత గుడికి పోవడం మానేశాడు.

తగవు తీర్చడానికి నాకు తోచిన దారి, మనమంతా ప్రయోగశాలలో చేసిందే. 256 పౌనఃపున్యం గల శ్రుతిదండాన్ని మరో దండంతో కలిపి మోగిస్తే, ధ్వని పెరుగుతూ తగ్గుతూ సెకనుకు 4 సార్లు ఊగిందనుకోండి. ఈ ఊగులే విస్పందనాలు. రెండింటికీ తేడా 4 అని తెలిసింది. కాని రెండోది 260 కావచ్చు, 252 కూడా కావచ్చు. అంటే విస్పందనం తేడా ఉందని చెబుతుందే గాని, తప్పెవరిదో చెప్పదు! అందుకని రెండో దండానికి కాస్త మైనం అంటించి మళ్ళీ వింటాం. ఆ బరువుకు దాని పౌనఃపున్యం తగ్గుతుంది. అప్పుడు విస్పందనాలు తగ్గితే అది 260, పెరిగితే 252.

సెలవుల్లో పెట్టె విప్పించాను. ఒక మెట్టు నొక్కితే రెండు రీడ్లు పలికే పెట్టె అది. షడ్జం ఒక్కటే నొక్కినా ధ్వని ఊగింది. దానికి దానితోనే పొంతన లేదన్నమాట! ఒక రీడు కొసన దుమ్ము పేరుకొని ఉంది. మైనం చేసే పనే దుమ్మూ చేస్తుంది. మెత్తటి కుంచెతో తుడిస్తే ఊగు దాదాపు ఆగిపోయింది.

తాతే గెలిచాడనుకున్నాను. బతిమాలి పిలుచుకొచ్చి పాడిస్తే షడ్జం కలిసింది గాని, గాంధారం కలవలేదు. దీనికి కారణం దుమ్ము కాదు, లెక్క. షడ్జం 240 అయితే, గొంతు సహజంగా 5:4 నిష్పత్తిలో 300 దగ్గర గాంధారం నిలుపుతుంది. హార్మోనియం స్థాయిని 12 సమభాగాలు చేస్తుంది గనుక దాని గాంధారం సుమారు 302.4. ఏ మెట్టునైనా షడ్జంగా పెట్టుకొనే సౌకర్యానికి అది చెల్లించే వెల ఇది. రేడియోలో హార్మోనియంపై 1940లో పెట్టిన నిషేధానికి ఇలాంటి ఆక్షేపణలూ కారణమే. 1971లో గాని అది సడలలేదు.

ఇద్దరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు శనివారం భజనలో తాత గాంధారం నిలిపినప్పుడు, మామ ఆ మెట్టు మీది వేలు మెల్లగా ఎత్తేస్తున్నాడు.