మెదడు లేని జీవికీ నిద్ర కావాలి

ఆవు, కోడి, తేనెటీగ అన్నీ నిద్రపోతాయని మనకు తెలుసు. మరి మెదడే లేని జీవి? అదీ నిద్రపోతుందండి.

కాసియోపియా అనే జెల్లీఫిష్‌కి ఉన్నది నరాల వల ఒక్కటే. గొడుగులా ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంటుంది. రాత్రిపూట ఆ కదలిక తగ్గుతుందని అమెరికాలోని కాల్‌టెక్ పరిశోధకులు 2017లో చూపించారు. రాత్రంతా నీళ్లు చిమ్మి లేపుతూ ఉంటే, మర్నాడు అది మందకొడిగా ఉంది. మనలాగే!

జెల్లీఫిష్ వంశం, మన వంశం వేరుపడి 50 కోట్ల ఏళ్లు దాటింది. అంటే మెదడు కంటే ముందే నిద్ర పుట్టి ఉండాలి. పడుకున్న జీవిని శత్రువు తేలిగ్గా పట్టేస్తుంది. అయినా ప్రకృతి నిద్రను తీసెయ్యలేదంటే, అది ప్రాణానికి అంత అవసరమన్నమాట. కోడి చూడండి, ఒక కన్ను తెరిచి సగం మెదడుతో నిద్రపోగలదు. కాపలా మానదు, నిద్రా మానదు.

నిద్ర చాలని తేనెటీగ, పూలున్న దిక్కును తన నాట్యంతో తోటి ఈగలకు సరిగ్గా చెప్పలేదు. ఆ నష్టం మన పంటకే కదా!

అందుకే మా కొట్టంలో, తేనె పెట్టెల దగ్గర రాత్రి లైట్లు ఆపేస్తాను. మేత, నీళ్లతో పాటు చీకటి కూడా ఇవ్వండి. రాత్రి మా కోళ్లు ఎలా పడుకుంటాయో వీడియోలో చూడండి.