జంటగా ఎక్కినా జీతాలు రెండు

కనగానపల్లి మండలంలో ఒక జంట ఉందనుకుందాం. భర్త సరుకు ఓడల ఇంజన్ గదిలో పదేళ్లు పనిచేశాడు. భార్యకు బెంగళూరు హోటళ్ల వంటశాలల్లో అంతే అనుభవం. ఏడాదిలో సగం కాలం ఒకరికొకరు దూరంగా బతికింది చాలు, ఏదైనా తెరచాప పడవ మీద ఇద్దరం కలిసి పనికి కుదురుదాం అనుకున్నారు. ఇది వింత కోరిక కాదు. విదేశీ యాట్‌ల యజమానులు కొందరు జంటలనే కోరి పెట్టుకుంటారు. ఒకరు ఇంజన్, తెరచాపలు చూసుకుంటే మరొకరు వంట, కేబిన్లు చూసుకుంటారు. ఇద్దరికీ ఒకే గది సరిపోతుంది. సముద్రం ఆడవాళ్లకు కొత్తా కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అయితే వాళ్ల వెనుక నౌకాదళం ఉంది. ప్రైవేటు పడవ ఎక్కే జంట వెనుక ఉండేది సంతకం చేసిన కాగితం ఒక్కటే.

ఆ కాగితంలోనే మోసపోయే వీలుంది. ‘ఇద్దరికీ కలిపి ఇంత’ అని యజమాని ఒకే మొత్తం చెబుతాడు. ఒప్పందం భర్త పేరిట, డబ్బు భర్త ఖాతాకు. ధర్మవరం మగ్గాల ఇళ్లలో ఈ లెక్క మనకు తెలిసిందే. కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్లు, కూలి మాత్రం చీర నేసినవారి పేరిట. పడవ మీద ఆ లెక్క ఇంకా ప్రమాదం. వంటగదిలో చెయ్యి కాలితే ఆమె సిబ్బంది అని రుజువేదీ? భర్తను పనిలోంచి తీసేస్తే ఆమె జీతం అడిగేదెవరిని?

2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందాన్ని భారత్ 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఓడ మీద ఏ పనిచేసినా నావికుడే, వంట చేసినా సరే. ప్రతి ఒక్కరికీ విడిగా సంతకాల ఒప్పందం ఉండాలి. అందులో జీతం, సెలవు, ఇంటికి తిరిగి పంపే ఖర్చు రాసి ఉండాలి. విశ్రాంతి గంటలను లెక్కగట్టే పద్ధతిలో రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు ఇవ్వాలి. కాబట్టి రెండు ఒప్పందాలు, రెండు జీతాలు, రెండు ఖాతాలు అడగండి. మొహమాటం వద్దు.

అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పడవ అద్దెకు తిరుగుతుందా, యజమాని విహారానికేనా? వ్యాపారానికి వాడని సొంత విహార పడవలకు ఆ సముద్ర కార్మిక ఒప్పందం వర్తించదు. అప్పుడు మిగిలేది పడవ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశపు చట్టం, మీ ఒప్పందంలోని మాటలు. ఈ ప్రశ్నకు జవాబు దాటేసే యజమాని దగ్గర పనికి కుదరవద్దని నా సలహా.

ఏజెంటు ద్వారా వెళ్తే అతనికి ఓడ సిబ్బందిని కుదిర్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో ముంబయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైటులో చూడండి. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర కమీషను తీసుకోవడం చట్టవిరుద్ధం. మీరు భరించాల్సినవి వైద్య పరీక్ష, సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు లాంటి ఖర్చులే. వీసా ఖర్చు యజమానిదే. ‘ముందు టూరిస్టు వీసా మీద రండి, అక్కడ సర్దుకుందాం’ అంటే ఆగిపోండి.

యజమాని రెండు నెలల జీతం ఎగ్గొట్టి సిబ్బందిని గాలికి వదిలేస్తే, సముద్ర కార్మిక ఒప్పందం వర్తించే ఓడల్లో బీమా సంస్థ గరిష్ఠంగా నాలుగు నెలల బకాయి జీతం, ఇంటికి చేర్చే ఖర్చు ఇవ్వాలి. ఆ బీమా పత్రం ఓడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. ఎక్కిన రోజే దాన్ని ఫొటో తీసుకోండి. ఆ పడవ మన దేశపు రేవుకు వస్తే, 2017 అడ్మిరాల్టీ చట్టం కింద హైకోర్టులో దాన్ని నిలిపివేయించవచ్చు. ఆ చట్టంలో ‘నౌక’ అన్న నిర్వచనంలోకి తెరచాప పడవలూ వస్తాయి. సిబ్బంది జీతానిది అందులో మొదటి హక్కు. కాకపోతే బకాయి పడ్డ నాటి నుంచి రెండేళ్లలోపు కదలాలి.

ఏజెంటు డబ్బు తీసుకుని మోసం చేస్తే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అతను ముంబయిలో ఉన్నా ఫిర్యాదు కనగానపల్లి ఠాణాలోనే ఇవ్వవచ్చు. ‘మా పరిధి కాదు’ అనకూడదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. లాయరు ఖర్చు భయమైతే న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతన్నది చూడకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం చెబుతోంది. జంటలోని భార్య తన పేరుతో తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.