గొఱ్ఱెలలో తిరుగుడు రోగము: శస్త్రచికిత్స

ఏడాది, ఏడాదిన్నర వయస్సు గల గొఱ్ఱె మందను విడిచి ఒంటరిగా నిలబడుట, తల ప్రక్కకు వంచి ఒకే వైపు గుండ్రముగా తిరుగుట చూచినచో తిరుగుడు రోగమని అనుమానింపవలెను. మెదడులో నీటితిత్తి పెరుగుటయే దీనికి కారణము. తలపై వాతలు పెట్టిన చర్మము కాలునే గాని తిత్తి కరగదు.

ఈ తిత్తి, కుక్క ప్రేగులలో నుండు ఒక జాతి బద్దెపురుగు యొక్క పిల్లదశ. కుక్క పెంటతో పడిన గ్రుడ్లు మేతతో గొఱ్ఱె కడుపులోనికి పోవును. వాటినుండి వెలువడిన పిల్లపురుగులు నెత్తురు వెంట మెదడును చేరును. 6 నుండి 8 నెలలలో తిత్తి కోడిగ్రుడ్డంత కావచ్చును. లోపల తేటనీరు, పొరకు అంటుకొని తెల్లని నూకలవలె వందలాది పురుగుతలలు ఉండును. మెదడు నలిగి చూపు తగ్గును, నడక తడబడును. తుదకు గొఱ్ఱె లేవలేక మేత మాని చనిపోవును.

ఇంతగా పెరిగిన తిత్తికి నమ్మదగిన చికిత్స దానిని తీసివేయుటయే. తిత్తి పైభాగమున ఉన్నచో పుఱ్ఱె ఎముక పలుచబడి, వ్రేలితో నొక్కిన మెత్తగా తగులును. అన్నిటిలో ఇట్లు జరుగదు. కనుక మెత్తబడువరకు ఆగక పశువైద్యునికి చూపవలెను. సాధారణముగా చూపు పోయిన కంటికి రెండవ వైపున తిత్తి ఉండును. గొఱ్ఱె ఏ వైపు తిరుగుచున్నది, ఎన్నాళ్ళనుండి తిరుగుచున్నది కాపరి గమనించి చెప్పిన డాక్టరుకు ఎంతో సాయము.

ఉన్ని కత్తిరించి, మత్తుమందిచ్చి, చర్మము కోసి, పుఱ్ఱెకు చిన్న రంధ్రము చేసి, నీటిని లాగి, పిదప పొరను మెల్లగా బయటికి తీయుదురు. పొర మిగిలినచో రోగము తిరుగబెట్టవచ్చును. దబ్బనముతో పొడిచి నీరు తీయుటకు ఎవరును సాహసింపరాదు. ఒకే తిత్తి, అదియు పైపైన ఉన్నచో గొఱ్ఱె కోలుకొను అవకాశము బాగుగా ఉండును. లోతుగానున్నను, పెక్కు తిత్తులున్నను ఆశ తక్కువ. కోత పిమ్మట పొడి కొట్టములో విడిగా ఉంచి, పుండుపై ఈగలు వాలకుండ చూడవలెను.

జ్వరముతో, ముఖము ఒక ప్రక్క జారి, చొంగ కార్చుచు కొద్ది దినములలోనే పడిపోయిన గొఱ్ఱెది వేరొక మెదడు జబ్బు కావచ్చును. చెడిన పాతరగడ్డి తిన్న మందలలో అది కానవచ్చును. దానికి కోత పనికిరాదు, ఆలస్యము లేక సూదిమందు పడవలెను.

చచ్చిన లేక కోసిన గొఱ్ఱె తలకాయను కుక్కలకు వేయుట మనవారికి అలవాటు. ఆ తలతోనే రోగము మరల మందకు వచ్చును. దానిని కాల్చవలెను, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతున పూడ్చవలెను. కాపలా కుక్కలకు డాక్టరు చెప్పిన మోతాదులో ప్రాజిక్వాంటెల్ మందు క్రమముగా త్రాగించి, రెండు మూడు దినములు కట్టివేసి, వాటి పెంటను కూడ పూడ్చవలెను.