కొండవాలు చేలలో చెవులపిల్లి – పైరు రక్షణ

కొండవాలులందును, గుట్టల అంచులందును సేద్యము చేయు రైతు సోదరులకు ఈ అనుభవము క్రొత్త కాదు. సాయంకాలము చక్కగా కనిపించిన పెసర మొలకలు తెల్లవారుసరికి కత్తితో కోసినట్లు తెగియుండును. ఇది చాలవరకు చెవులపిల్లి, అనగా అడవి కుందేలు చేయు పని. దాని అలవాట్లు తెలిసికొన్నచో స్వల్ప ఖర్చుతోనే పైరును కాపాడుకొనవచ్చును.

ఇది ఎటువంటి జంతువు?

మెడ వెనుక నల్లని మచ్చ గల ఈ జంతువు నల్లమల, శేషాచలము మొదలగు కొండల పొదలలోను, గడ్డి వాలులలోను నివసించును. దట్టమైన అడవికన్న పలుచని పొదలే దీనికి ఇష్టము. వెనుక కాళ్ళు పొడవగుటచే ఎగువకు మిక్కిలి వేగముగా పరుగెత్తగలదు.

చాలమంది ఇది, పెంపుడు కుందేలు ఒకటే అని తలంతురు. అది సరికాదు. పెంపుడు కుందేళ్ళు ఐరోపా ఖండపు కుందేలు సంతతివి. ఆ జాతి బొరియలు త్రవ్వును. దాని పిల్లలు వెంట్రుకలు లేక, కండ్లు మూసికొని పుట్టును. మన చెవులపిల్లి బొరియ త్రవ్వదు. పగలు గడ్డిదుబ్బు చాటున చిన్న పల్లము చేసికొని అందులో పడుకొనును. దాని పిల్లలు బొచ్చుతోను, తెరచిన కండ్లతోను పుట్టును. ఈ రెండు జాతులకు సంకరము కలుగదు. కావున చెవులపిల్లి పిల్లలను తెచ్చి పెంపుడు కుందేళ్ళతో కలుపుట వృథా ప్రయాస.

చేలో పిల్ల ఒంటరిగా కనిపించినచో తల్లి చనిపోయినదని తలంచి ఇంటికి తేవలదు. తల్లి పగలు దూరముగా ఉండి, చీకటిపడు వేళ వచ్చి పాలిచ్చును.

నష్టమును గుర్తించుట

మందు వేయుటకు ముందు రోగమేదో తెలియవలెను గదా! చెవులపిల్లి కొరికిన కాడ ఏటవాలుగా, నునుపుగా తెగియుండును. మేక, జింక కొరికినచో చివర చీలికలుగా ఉండును. అడవిపంది నేలనే పెళ్ళగించును. సమీపమున గుండ్రని పొడి పెంటికలు కనిపించినచో అనుమానము తీరును.

రక్షణ పద్ధతులు

1. పెసర, ఉలవ, వేరుశనగ మొలచిన మొదటి మూడు, నాలుగు వారములు మిక్కిలి జాగ్రత్త వహించవలెను. లేత మొక్కలకే నష్టమెక్కువ.

2. చెవులపిల్లి తరచు ఒకే దారిన వచ్చిపోవును. ఉదయమున గట్ల వెంట తిరిగి ఆ దారులను గుర్తించి, రేగు లేక తుమ్మ కంపతో మూయవలెను.

3. గట్ల మీద ఏపుగా పెరిగిన గడ్డిని కోసి పశువులకు వేయవలెను. చాటు లేనిచోట అది నిలువదు.

4. కూరగాయ మడులకు రెండున్నర అడుగుల ఎత్తు ఇనుప వల కట్టవచ్చును. వల కన్ను ఒకటిన్నర అంగుళమునకు మించరాదు. క్రింది అర అడుగు వలను బయటివైపు వంచి, దానిపై రాళ్ళు పెట్టవలెను.

5. మామిడి, బత్తాయి అంట్ల చుట్టు వెదురు తడకను రెండున్నర అడుగుల ఎత్తున నిలిపినచో బెరడు దక్కును.

చేయరాని పనులు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చెవులపిల్లిని వేటాడుట, ఉచ్చులు పన్నుట నేరము. విషపు ఎర పెట్టినచో కాపలా కుక్కలు, పశువులు, నెమళ్ళు కూడ చచ్చును. నక్కలు, గుడ్లగూబలు చెవులపిల్లి పిల్లలను తిని వాటి సంఖ్యను అదుపులో ఉంచును. విషముచే అవి నశించినచో నష్టము రైతుకే.

అన్నింటికన్న ప్రమాదకరమైనది చేని చుట్టు కరెంటు తీగ లాగుట. రాత్రి మోటారు వేయుటకు వచ్చు పొరుగు రైతు ఆ తీగకు తగిలి ప్రాణము కోల్పోవచ్చును. తీగ పెట్టిన రైతే మరచి దానిని త్రొక్కవచ్చును. ఇటువంటి మరణములు మన పల్లెలలో జరిగియున్నవి. పిడికెడు పెసర మొలకలకొరకు ఒక కుటుంబము దిక్కులేనిది కారాదు. మొలకలు పోయినచో మరల విత్తుకొనవచ్చును. కంప కంచె, వెదురు తడక, గట్ల శుభ్రత – ఈ మూడింటిని విత్తుటకు ముందే సిద్ధము చేసికొనుడు.