సదస్సు ఊరికొస్తే ఉద్యోగాలెక్కడ?

2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. మన దేశంలో అదే మొదటిసారి. వచ్చినవాళ్లు చార్మినార్ కోసం రాలేదు, లెక్కల కోసం వచ్చారు. కానీ అలా వచ్చినవాళ్లూ ఎక్కడో ఉండాలి, తినాలి, తిరగాలి. వీలు దొరికితే లాడ్‌బజార్‌లో గాజులు కూడా కొంటారు. ఇలా సమావేశాల కోసం సాగే ప్రయాణాల్నే పర్యాటక రంగంలో ‘మైస్’ అంటారు. మీటింగులు, ఇన్సెంటివ్ టూర్లు, కాన్ఫరెన్సులు, ఎగ్జిబిషన్లు అన్నీ ఇందులోకే వస్తాయి.

మామూలు పర్యాటకుడు సెలవుల్లో వస్తాడు, సొంత డబ్బు కాబట్టి ఆచితూచి ఖర్చు పెడతాడు. సదస్సుకొచ్చే డెలిగేట్ వారం మధ్యలో వస్తాడు, చాలాసార్లు బిల్లు కంపెనీదో యూనివర్సిటీదో అవుతుంది. పైగా తేదీలు ఏడాది ముందే ఖాయం కాబట్టి, గదులు ఖాళీగా ఉండే రోజుల్ని హోటళ్లు ముందే నింపుకోగలుగుతాయి. నగరాలు సదస్సుల కోసం పోటీ పడేది ఇందుకే. హైదరాబాద్ మాదాపూర్‌లోని అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ హెచ్‌ఐసీసీ 2006లో మొదలైంది. ఆ ఏడాదే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు కూడా అక్కడికే వచ్చాయి. విశాఖ కూడా 2023లో పెట్టుబడిదారుల సదస్సు నిర్వహించింది.

ఇక ఉద్యోగాల సంగతి. ఈవెంట్ అనగానే చాలామంది స్టేజీ, లైట్లు, యాంకర్ అనుకుంటారు. అసలు పని అంతకు రెండు మూడేళ్ల ముందే ‘బిడ్’తో మొదలవుతుంది. ఏటా ఒక్కో దేశంలో సదస్సు పెట్టే సంఘాన్ని మా ఊరికి రమ్మని పిలవాలి. పిలిచేది ఇక్కడి డాక్టర్లో శాస్త్రవేత్తలో అయినా, విమాన సౌకర్యం, గదుల ధరలు, హాలు ప్లాను, ప్రభుత్వ మద్దతు లేఖలు కూర్చి పుస్తకం తయారుచేసేది కన్వెన్షన్ బ్యూరో, కాన్ఫరెన్స్ కంపెనీల సిబ్బంది. ఇంగ్లిష్‌లో చక్కగా రాయగలిగి, ఎక్సెల్ చేతిలో ఉన్న డిగ్రీ కుర్రాళ్లకి ఇది మంచి చోటు. నా దృష్టిలో ఈ రంగంలో అందరూ చిన్నచూపు చూసే విలువైన పని ఇదే.

సదస్సు రోజు రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. ఉదయం ఏడున్నరకే క్యూ. బ్యాడ్జీలు ఇంటిపేరు ప్రకారం పేర్చి ఉంటాయి, మన తెలుగు ప్రొఫెసర్ గారేమో తన పేరు కింద వెతుక్కుంటారు. వెనక పదిమంది విసుక్కుంటుంటారు. ఆయనకి కోపం రాకముందే బ్యాడ్జీ తీసి చేతిలో పెట్టగల అమ్మాయిని నిర్వాహకులు మరుసటి సదస్సుకీ పిలుస్తారు. సాయంత్రం ఇంకో పరీక్ష. ఆరింటికి ఆఖరి ప్రసంగం, ఎనిమిదింటికి అదే హాల్లో విందు. వరుస కుర్చీలు తీసి గుండ్రటి బల్లలు వేయాలి, లైటింగ్ మార్చాలి, వెజ్, జైన్, హలాల్ లెక్క కిచెన్‌కి పంపాలి. పెద్దింటి పెళ్లి పనులు నెత్తినేసుకున్నవాళ్లకి సగం తెలిసిన విద్యే, మిగతా సగం కాగితం పని.

ఇవి కాక స్టాళ్లు కట్టేవాళ్లు, ఎల్‌ఈడీ తెరల టెక్నీషియన్లు, దుబాసీలు కావాలి. సదస్సు అయ్యాక రామప్పకో పోచంపల్లికో తిప్పిచూపే ట్రావెల్ సంస్థలకీ మనుషులు కావాలి.

చదువు విషయానికొస్తే, ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ ఐహెచ్‌ఎం వంటి సంస్థల్లో హోటల్ మేనేజ్‌మెంట్ చేరొచ్చు. గచ్చిబౌలిలో పర్యాటక, ఆతిథ్య కోర్సులు నడిపే నిథమ్ ఉంది, నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని పర్యాటక విద్యాసంస్థ ఐఐటీటీఎం క్యాంపస్ ఉంది. ‘ఈవెంట్ డిప్లొమా’ అని బోర్డు కనబడిన చోటల్లా లక్షలు పోయక్కర్లేదు. ముందు మీ ఊళ్లో జరిగే డాక్టర్ల సదస్సుకి వలంటీరుగా వెళ్లండి, ఈ పని మీకు సరిపడుతుందో లేదో అక్కడే తేలుతుంది.

ఇబ్బందులూ తక్కువేం కాదు. కొవిడ్ వచ్చిన 2020లో ఈ రంగం ఒక్కసారిగా ఆగిపోయింది. చిన్న సంస్థల్లో చాలా పని కాంట్రాక్టు మీదే నడుస్తుంది. ఇంటర్వ్యూకి వెళ్తే మొహమాటపడకుండా అడగండి: జీతం నెలకా, ఈవెంటుకా? పీఎఫ్ ఉందా? రాత్రి రెండింటికి హాలు సర్దడం అయ్యాక ఇంటికి క్యాబ్ ఎవరు ఇస్తారు?