మీ సర్వే నంబరు ఏ గీతలో ఉంది?

చేపలు, రొయ్యల చెరువులకు ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్ల గొడవ ముదిరిన రోజుల్లో పెదపాడు మండలం నుంచి ఒక చెరువు రైతు నా దగ్గరికి వచ్చారు. చేతిలో రెండు కరెంటు బిల్లులు. ఒకటి తనది, రెండోది గట్టుకు అవతల చెరువున్న బావగారిది. "ఒక్క కాలవ నీళ్ళేనండీ, ఒక్కటే ట్రాన్స్‌ఫార్మరు. మా బావకి యూనిట్టు రూపాయిన్నర పడింది, నాకు పడలేదు. నేనేం తప్పు చేశానండీ?" అన్నారు.

తప్పేమీ లేదు. బావగారి సర్వే నంబరు జోన్ జాబితాలో ఉంది, ఈయనది లేదు. 2022లో యూనిట్టు రూపాయిన్నర రాయితీని పదెకరాల లోపు వారికి, అదీ జోన్‌లో ఉన్న చెరువులకే పరిమితం చేశారు. జోన్‌తో పని లేకుండా అందరికీ ఇస్తామన్న హామీలు ఆ తర్వాత వచ్చాయి. హామీ వేరు, జీవో వేరు. మీ బిల్లు ఏ నెలదో ఆ నెలకు అమల్లో ఉన్న ఉత్తర్వే మీకు చట్టం. ముందు దాని నకలు చేతిలో పెట్టుకోండి.

ఆ రైతు అప్పటికే మూడు ఆఫీసులు తిరిగారు. అన్నిచోట్లా "మీది జోన్‌లో లేదు" అన్న ముక్కే. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం, ఒక నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారికి దాని కారణం చెప్పడం అధికారుల బాధ్యత. అయితే దరఖాస్తులో "ఎందుకు ఇవ్వలేదు?" అని ఒక్కటే రాస్తే జవాబు కూడా ఒక్క ముక్కలోనే వస్తుంది. కాగితాలు అడగాలి. జోన్ ప్రకటించిన నోటిఫికేషన్, గ్రామసభ తీర్మానం, మీ సర్వే నంబరు మీద ఇచ్చిన పరిశీలన నివేదిక, ఈ మూడింటి నకళ్ళు కోరండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఈ దరఖాస్తుకు ఫీజు లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మరో ముప్పై రోజుల్లో పై అధికారికి అప్పీలు చేయవచ్చు.

ఆయనకు వచ్చిన నకళ్ళు ఇద్దరం కూర్చుని చదివాం. చెరువు తవ్వి ఏళ్ళు గడిచినా అడంగల్‌లో ఆ భూమి ఎదురుగా ఇంకా "వరి" అనే ఉంది. పరిశీలనకు వెళ్ళినవారు ఆ కాలమ్ చూసే రాసుకున్నారు, గట్టు దాకా వెళ్ళలేదు. అభ్యంతరం పెట్టాల్సింది ఆ "వరి" అన్న మాట మీద. ఏ గుమాస్తా మీద కోపం పెట్టుకున్నా లాభం లేదు.

ఒక్క ఊరి విషయంలోనే కాదు, జిల్లాల విషయంలోనూ జాబితా గీత లెక్క ఇదే. 2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ పన్ను ప్రోత్సాహకాలు, వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధికి మద్దతు చెప్పింది. తర్వాత ఆదాయపు పన్ను చట్టంలో కొత్త యంత్రాలపై అదనంగా 15 శాతం తగ్గింపు పెట్టి, రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు, మొత్తం ఏడు జిల్లాలకు ఇచ్చారు. ఉమ్మడి పశ్చిమ గోదావరి ఆ జాబితాలో లేదు. ఆ ఏడు జిల్లాలకూ సాయం అందాల్సిందే, నాకు పేచీ లేదు. కానీ జిల్లాను ఒకే ముద్దగా కొలిస్తే తాడేపల్లిగూడెం వ్యాపారమూ, కొల్లేటి లంకల పేదరికమూ కలిసి ఒక సగటు అవుతాయి. ఆ సగటులో లంక కనపడదు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు వేరే జిల్లా అయింది. ఇక మీదటైనా కొలత మండలం దాకా దిగాలని నా గట్టి అభిప్రాయం.

సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకునేవారికి ఇచ్చే పీఎంఈజీపీ రుణంలో గీత ఇంకా సన్నం. పంచాయతీ పరిధిలో యూనిట్ పెడితే సాధారణ వర్గానికి 25 శాతం సబ్సిడీ, మున్సిపల్ పరిధిలో అయితే 15. పది లక్షల యూనిట్‌కు తేడా లక్ష రూపాయలు. ఏలూరు చుట్టుపక్కల స్థలం తీసుకునేవారు అది పంచాయతీయా, కార్పొరేషనా అన్నది రాతపూర్వకంగా తేల్చుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

కొల్లేరు గీత మాత్రం వేరు. 1999లో ప్రకటించిన అభయారణ్యం ఐదో కాంటూరు (సముద్ర మట్టం నుంచి ఎత్తును చూపే గీత) వరకు ఉంది. దాన్ని మూడుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసినా గీత కదల్లేదు. జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా ఆ సరిహద్దు మార్చడానికి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. రాయితీ ఇప్పిస్తామని ఆ లోపలి చెరువులకు డబ్బు అడిగేవారిని నమ్మి మోసపోకండి.

ఇక కోర్టు. ఫలానా ఊరిని జాబితాలో చేర్చమని హైకోర్టు సాధారణంగా చెప్పదు, అది ప్రభుత్వ విధానం. ఒకే కొలత గట్టుకు ఇటొక రకంగా, అటొక రకంగా వాడితే మాత్రం రాజ్యాంగం 14వ అధికరణం కింద అడగవచ్చు. జాబితాను నమ్మి పెట్టుబడి పెట్టాక ప్రభుత్వం వెనక్కి తగ్గితే, సుప్రీంకోర్టు ఇచ్చిన 1978 నాటి మోతీలాల్ పదంపత్ తీర్పు, 2020లో జార్ఖండ్ కరెంటు సుంకం రాయితీపై వచ్చిన బ్రహ్మపుత్ర మెటాలిక్స్ తీర్పు మీ పక్షాన ఉన్నాయి. ప్రజా ప్రయోజనం కోసం తగ్గామని ప్రభుత్వం రుజువు చేస్తే కథ మారుతుంది.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ 15100. వెళ్ళేటప్పుడు కరెంటు బిల్లు, అడంగల్ నకలు, దరఖాస్తు ఇచ్చినట్టు తేదీ వేసిన రసీదు వెంట పట్టుకెళ్ళండి.