కలప మన్నికను ముందుగా తెలిసికొనుట – వర్ణపట పరీక్ష

ద్వారబంధములకు, పశువుల కొట్టపు గుంజలకు, పొలము కంచెకు కలప కావలసినప్పుడు రైతు మొదట అడిగెడి ప్రశ్న ఒక్కటే: "ఈ కర్ర ఎన్నాళ్ళు నిలుచును?" టేకు నిలుచును, బూరుగు నిలువదు అని పెద్దలు చెప్పుదురు. అది చాలవరకు నిజమే. కాని టేకు పేరున అమ్మెడి రెండు దుంగలు ఒకే తీరున నిలువవు. ఈ తేడాను కర్ర పాతకముందే కనుగొనుటకు శాస్త్రజ్ఞులు కిరణముల సహాయము పొందుచున్నారు. ఆ పద్ధతిని, అందుండి రైతులు గ్రహింపదగిన సంగతులను ఇచట తెలిపెదము.

కర్ర ఎందుకు చివుకును?

కర్రను చివుకజేయునవి శిలీంధ్రములు. కర్రలో తేమ నూటికి 20 పాళ్ళకు లోపుగా నున్నంతకాలము ఇవి పెరుగజాలవు. 30 పాళ్ళకు చేరిన పిమ్మట విజృంభించును. పాతిన గుంజ నేలమట్టము వద్ద ముందుగా విరుగుటకు కారణమిదియే.

దీనిని ఎదుర్కొనుటకు చెట్టు తన చేవలో కొన్ని పదార్థములను చేర్చుకొనును. ఇవి శిలీంధ్రములకు విషమువంటివి. టేకు చేవలో క్వినోనులు అనునవి ఈ పని చేయును. బెరడు క్రిందనుండు తెల్లకర్రకు ఈ రక్షణ లేదు. కావున ఏ జాతి చెట్టుదైనను తెల్లకర్ర తడినేలలో నిలువదు. లేతచెట్టులో తెల్లకర్ర పాలు హెచ్చు. టేకులో దవ్వ చుట్టునుండు చేవకంటె వెలుపలి చేవ ఎక్కువ కాలము నిలుచును.

పాత పరీక్షలు

మన దేశపు ప్రమాణముల ప్రకారము కర్రముక్కలను సగము నేలలో పాతి, అప్పుడప్పుడు తీసి చూచెదరు. సగటున 120 నెలలు లేక అంతకు మించి నిలిచినది మొదటి తరగతి. 60 నెలల నుండి 120 నెలల లోపు నిలిచినది రెండవ తరగతి. 60 నెలలైనను నిలువనిది మూడవ తరగతి. టేకు చేవ మొదటి తరగతికి, మామిడి, బూరుగు మూడవ తరగతికి చేరినవి. ఈ పరీక్షకు ఏండ్లు పట్టును. ప్రయోగశాలలో ముక్కలను శిలీంధ్రముతో 16 వారములుంచి, తరిగిన బరువును తూచెడి పద్ధతియు కలదు. అదియు నెలల పనియే. పైగా ముక్క పాడగును.

కొత్త పరీక్ష

ఎరుపు రంగుకు ఆవల కంటికి కనబడని కిరణములున్నవని 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ కనుగొనెను. వీనినే పరారుణ కిరణములందురు. వీనిలో 780 నుండి 2500 నానోమీటర్ల వరకు గల కిరణములను కర్రపై ప్రసరింపజేసినచో, కర్రలోని ప్రతి పదార్థము తనకు తగిన కిరణములను పీల్చుకొని తక్కినవానిని తిరుగగొట్టును. తిరిగి వచ్చిన కిరణములను స్పెక్ట్రోమీటరు అనెడి పరికరము గీతగా గీయును. ఆ గీత కర్రకు వేలిముద్ర వంటిది. చిత్రిక పట్టిన ముక్క గాని, కొంచెము రంపపు పొట్టు గాని చాలును. పని నిమిషములలో ముగియును.

అయితే గీత తనంతట తాను మన్నికను చెప్పదు. ముందుగా అనేకములైన ముక్కల గీతలను తీసి, అవే ముక్కలను శిలీంధ్రపు పరీక్షకు పెట్టి, రెంటికి గల సంబంధమును లెక్కగట్టవలెను. ఆ పిమ్మటనే కొత్త ముక్కను గీత చూచి అంచనా వేయవచ్చును. ఐరోపాలోని లార్చి చేవపై ఇట్లు చేసిన పరిశోధన 2003లో వెలువడెను. అంచనాలు పాత పరీక్ష ఫలితములతో బాగుగా పొసగినవి. కాని లార్చికి కట్టిన లెక్క టేకుకు పనికిరాదు. నీరు ఈ కిరణములను మిక్కిలిగా పీల్చును గనుక ముక్కలన్నింటిని ఒకే తేమకు ఆరబెట్టవలెను. ఈ పరీక్ష మంచి చెడ్డలను వేరుచేయగలదే కాని, మీ పొలములో గుంజ ఇన్నేండ్లు నిలుచునని చెప్పజాలదు.

రైతులు గమనింపవలసినవి

కేరళలోని పెరటి టేకుపై 2005లో వెలువడిన పరిశోధన మనకు ముఖ్యము. అందు తేమ ప్రాంతపు పెరటి టేకు, తోటలలో పెంచిన టేకుకంటె, గోధుమరంగు కుళ్ళుకు త్వరగా లోబడినది. ఆ కర్ర రంగు పాలిపోయి, అందలి రక్షక పదార్థములును తక్కువగా నుండెను. కావున:

1. టేకు అను పేరు చూచి గాక, దుంగ కోతముఖమున చేవ ఎంత కలదో చూచి ధర కట్టవలెను.

2. పాలిపోయిన చేవను అనుమానింపవలెను. అయినను రంగు ఒక సూచన మాత్రమే.

3. నేలలో పాతెడి గుంజలకు తెల్లకర్రను చెక్కివేసి చేవనే వాడవలెను. తెల్లకర్రకు మందు బాగుగా ఇంకును గనుక, బోరాక్సు, బోరిక్ ఆమ్లము పట్టించి ఇంటిలోపలి పనులకు వాడుకొనవచ్చును. వాన తగిలినచో ఈ మందు కరిగిపోవును.

4. పంచాయతీ కట్టడములకు కలప కొనెడి అధికారులు ఒప్పందములో చెట్టు జాతితోపాటు "తెల్లకర్ర లేని చేవ" అని వ్రాయించుట మేలు.

గట్టుమీద టేకు నాటిన రైతు పది పదునైదేండ్లకే నరికినచో అమ్మునది చాలవరకు తెల్లకర్రయే. ఏ పరికరమును అందులో లేని చేవను చూపజాలదు. చెట్టును ముదురనిచ్చుటయే కలపకు మొదటి రక్షణ.